వరసకి ఆరు గడులు

పొద్దున్న చిన్నకోడలు రాత్రి డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి పెద్దకోడలు గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ ఉండేది. మాటలన్నీ అక్కడే, నిలబడే అయిపోయేవి.

"అత్తయ్యకి పొద్దుటి మాత్ర వేశాను. నీ కూతురికి ఒక కాలి మేజోడే దొరికింది. రెండో కాలికి వేరే రంగుది తొడుగు. ఎవరైనా అడిగితే ఇప్పుడిదే ఫ్యాషనని చెప్పు."

"సరేగానీ అక్కా, సంచి పట్టుకో. ఒక గడి అయింది. ఇంకోటి మూడు వైపులా అయింది. సూది దానికే గుచ్చాను, చూసి చెయ్యి పెట్టు. మొన్నట్లా నన్ను తిట్టుకోకు."

"తిట్టుకోలేదు. అబ్బా అన్నాను."

"ఆ అబ్బాలో నా పేరు నాకు ఇక్కడిదాకా వినపడిందిలే."

గుడ్డసంచి ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మారేది. పెద్దకోడలు మెట్లు దిగేది. చిన్నకోడలు తలుపేసుకునేది. మూడేళ్ళుగా ఆ ఇంట్లో బొంత కుట్టే పద్ధతి అదే. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని ఒక్క కుట్టు వేసింది లేదు.

ఇల్లు మూడో అంతస్తులో. రెండు పడకగదులు, ఒక హాలు. పెద్ద గది అన్నగారిది, చిన్న గది తమ్ముడిది, హాల్లో కిటికీ పక్కన వాళ్ళమ్మ మంచం. నేల కనపడాలంటే ఏదో ఒకటి ఎత్తి ఇంకోదాని మీద పెట్టాలి. చిన్న గదిలో అయితే డబుల్ కాట్, బీరువా, మరిది ఆఫీసు బల్ల, పిల్ల బొమ్మల పెట్టె పోగా ఒక మనిషి పక్కకి తిరిగి నడిచేంత చోటే మిగిలేది. అలాంటి కొంపలో బొంత పరుచుకుని కుట్టడం జరిగే పని కాదని పెద్దకోడలికి మొదట్లోనే తెలుసు. అందుకే గడులుగా కుడదామంది. ఒక్కో గడి అన్నం తినే కంచమంత. పైన రకరకాల పాత బట్టల ముక్కలు, మధ్యలో దుప్పటి ముక్క, అడుగున గట్టి కాటన్ గుడ్డ. మూడు పొరలూ కలిపి సన్నగా కుట్టుకుంటూ వెళ్ళి, అంచులు లోపలికి మడిచి మూసేస్తే ఒక గడి అయినట్టు. అది సంచిలో పడుతుంది, ఒళ్ళో పడుతుంది, ఎవరైనా పిలిస్తే మడిచి చంకలో పెట్టుకుని లేవడానికీ వీలవుతుంది. వరసకి ఆరు గడులు, అలాంటివి ఎనిమిది వరసలు. అన్నీ అయ్యాక ఒక్కసారి కూర్చుని కలిపి కుట్టేస్తే బొంత.

ఆ "ఒక్కసారి కూర్చుని" దగ్గరే అత్తగారికి నవ్వొచ్చేది.

"మీరిద్దరూ ఒక్కసారి కూర్చోగా నేను చూడలేదమ్మా. మీ బొంతా, నా చావూ. ఏది ముందొస్తుందో చూద్దాం."

"మీదే ముందొస్తే అదే మీకు కప్పుతాం లెండి అత్తయ్యా," అనేది చిన్నకోడలు.

"సగం బొంతా? కాళ్ళు బయటికొస్తాయి. వద్దులే, అయ్యేదాకా ఉంటాను."

పెద్దకోడలు ఆస్పత్రిలో చీటీలిచ్చే కిటికీ దగ్గర పనిచేసేది. లోపలికెళ్ళిన పేషెంటుకి సందేహాలు ఎక్కువైతే బయట వరస ఆగిపోతుంది. ఆగినప్పుడల్లా గడి ఒళ్ళోకి వచ్చేది. కదలగానే బల్ల కిందికి వెళ్ళిపోయేది. ఒకసారి ఆ హడావిడిలో కళ్ళు సరిగా కనపడని ఒక పెద్దాయనకి చీటీకి బదులు గళ్ళ చొక్కా ముక్క ఇచ్చేసింది. ఆయన దాన్ని నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో పట్టుకుని చాలాసేపు కూర్చుని, చివరికి కిటికీ దగ్గరికొచ్చి, "అమ్మా, ఈ నంబరు ఎప్పటికి పిలుస్తారు?" అన్నాడు. ఆ రోజు నించి ఆస్పత్రిలో అందరికీ ఆవిడ బొంతమ్మ. పెద్ద డాక్టరుగారికి కూడా.

చిన్నకోడలిది ఫోన్లో జనం గోడు వినే ఉద్యోగం. చెవులకి హెడ్‌ఫోను, ఎదురుగా కంప్యూటరు, ఒళ్ళో గడి. ఒక కాల్‌కీ ఇంకో కాల్‌కీ మధ్య నాలుగు కుట్లు పడేవి. అవతలివాడు ఊరికే అరుస్తూ ఉంటే పది కూడా పడేవి. "మీ ఇబ్బంది నాకు అర్థమైంది సార్" అంటూ ఒకసారి సూది వేలికి గుచ్చుకుని "అమ్మా!" అని కేక పెట్టింది. అవతలాయన కంగారుపడి, "అయ్యో, అంత బాధపడకమ్మా, రేపు చేసినా పర్వాలేదు" అన్నాడట. ఆ సంగతి చెప్పుకుని తోడికోడళ్ళిద్దరూ గుమ్మంలో నిలబడి నవ్విన నవ్వుకి పక్కింటి తలుపు తెరుచుకుంది.

ఇక ఇంట్లో, పిల్ల స్నానానికి బకెట్టు నిండేలోపు, అన్నం ఉడికేలోపు, అత్తగారు బాత్రూంలోంచి "అయింది, రా" అని పిలిచేలోపు. కొత్త గడికి బట్ట కోసుకోవాల్సొస్తే అంతకు ముందు అయిన గడిని దాని మీద పెట్టి, చుట్టూ సుద్దతో గీసి, మడతకని కాస్త వదిలి కోసుకునేవాళ్ళు. అందుకే సంచిలో ఎప్పుడూ ఆఖరి గడి ఒకటి ఉండేది. మిగతావి చోటు దొరికినచోటికి వెళ్ళిపోయేవి. కొన్ని అత్తగారి తలగడ గలీబులో, కొన్ని బీరువా మీద, కొన్ని చిన్నకోడలి ఆఫీసు లాకర్లో.

ప్రతి గడి నడుమా అరచేతిలో సగమంత లేతనీలం ముక్క ఒకటి ఉండాలని మొదట్లోనే పెద్దకోడలు చెప్పింది. అది ఆవిడ పాత నైటీది.

"మధ్యలో ఎప్పుడూ ఇదే ఎందుకక్కా?" అని అడిగింది చిన్నకోడలు.

"మెత్తగా ఉంటుంది."

చిన్నకోడలు ఇంకేమీ అడగలేదు. ఎందుకో ఇంట్లో అందరికీ తెలుసు.

పిల్లకి ఇప్పుడు ఐదేళ్ళు. తల్లి రాత్రి ఉద్యోగంలో చేరేనాటికి దానికి రెండు నిండాయి. అప్పట్నించీ పెద్దమ్మ పక్కనే పడుకుంటుంది. పెదనాన్న గోడ వైపుకి జరిగిపోయాడు, తరవాత హాల్లోకే వెళ్ళిపోయాడు. పిల్ల పెద్దమ్మ నైటీ అంచుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టుకుని రుద్దుకుంటూ నిద్రపోయేది. చెయ్యి విడిపిస్తే లేచిపోయేది. అలా రుద్దీ రుద్దీ ఒక నైటీ అంచు దారాలొచ్చేసింది. పెద్దకోడలికి పిల్లల్లేరు. ఆ విషయం మీద ఇంట్లో మాట్లాడుకోవడం ఎప్పుడో అయిపోయింది. మందులూ అయిపోయాయి, మొక్కులూ అయిపోయాయి. ఆ రెండూ అయిపోయాక వచ్చిందా పిల్ల.

బొంత ఎవరికని మొదట్లో ఎవరూ అనుకోలేదు. చలికాలానికి పనికొస్తుందనుకున్నారు, అంతే. ఎవరికన్నది తేలింది మాత్రం మరిదికి వేరే ఊరు బదిలీ అయినరోజున.

ఆయన ఆ కబురు భోజనాల దగ్గర చెప్పాడు. కంపెనీవాళ్ళే ఇల్లు ఇస్తారు, రెండు గదులు, పెరడు కూడా ఉంది. చిన్నకోడలు రాత్రి ఉద్యోగం మానేస్తుంది. నెలాఖరుకి వెళ్ళిపోవాలి. చెప్తున్నంతసేపూ ఆయన వదినగారి వైపు చూడలేదు. పెద్దకోడలు అందరికీ వడ్డించింది, తనూ తింది, గిన్నెలు కడిగింది. తరవాత గలీబులోంచి గడులు తీసి లెక్కపెట్టుకుంది. బీరువా మీదవీ దించింది. ఆఫీసు లాకర్లో ఎన్నున్నాయో చిన్నకోడల్ని అడిగింది.

"ఇంకా పన్నెండు కావాలి. తరవాత కలపాలి. అవుతుందంటావా?"

"నెలాఖరుకా అక్కా? ఇంత గోలలోనా?"

"పిల్లకి కావాలి కదే. కొత్తచోటు. నిద్రపట్టక ఏడుస్తుంది."

చిన్నకోడలు గడుల దొంతర సర్దింది. "చూద్దాంలే," అంది.

పిల్లకి కూడా పెద్దమ్మే చెప్పింది, తల దువ్వుతూ.

"మీ కొత్త ఇంట్లో నువ్వు ఈ బొంత కప్పుకుని పడుకుంటావు. ఇదిగో, ఈ నీలం ముక్క ఉంది చూశావా? ఇట్లా వేళ్ళ మధ్య పెట్టుకుంటే పెద్దమ్మ పక్కన పడుకున్నట్టే."

"నువ్వు రావా?"

"నేనొస్తే మీ నానమ్మకి మాత్రలెవరిస్తారు?"

"నానమ్మని కూడా తెచ్చుకో."

"మీ పెదనాన్నో?"

పిల్ల ఆలోచించింది. "పెదనాన్న ఇక్కడే ఉండనీ. గురక పెడతాడు."

ఆ నెలంతా పెద్దకోడలు చిల్లర వేళల్ని ఏరుకుని తిరిగింది. బస్సులో కూర్చునే చోటు దొరక్కపోతే కమ్మీకి ఆనుకుని నిలబడే కుట్టింది. ఆస్పత్రిలో మధ్యాహ్నం తిండి మానేసి కుట్టింది. ఒకరోజు అన్నం అడుగంటి ఇల్లంతా మాడువాసన. ఇంకోరోజు అత్తగారు బాత్రూంలోంచి పిలిచి పిలిచి, చివరికి గోడ పట్టుకుని తనే నడిచొచ్చింది.

"ఇక నాకు కోడళ్ళెందుకు, గోడలున్నాయిగా," అంది మంచం మీద కూలబడుతూ. "ఆ పిల్ల వెళ్ళేది పక్క ఊరికే తల్లీ, పరలోకానికి కాదు. ఎందుకట్లా ప్రాణాలు తీసుకుంటావు?"

పెద్దకోడలు కుట్టు ముడివేసింది. దారం పళ్ళతో కొరికింది.

చిన్నకోడలి దగ్గర్నించి సంచి మాత్రం ఎలా వెళ్ళింది అలాగే తిరిగి రావడం మొదలైంది. సూది గుచ్చినచోటే ఉండేది.

"రాత్రంతా కాల్సే అక్కా. ఊపిరాడలేదు."

"పోనీలే. నేను చూసుకుంటాను."

మర్నాడూ అంతే. ఆ తర్వాత నించి పెద్దకోడలు సంచి ఇవ్వడమే మానేసింది. భర్త ఒకరోజు గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి ఆవిడ్ని చూసి, "మనం పెంచాం, అంతవరకే. పిల్ల వాళ్ళది," అన్నాడు. ఆవిడ, "నేనేమైనా కాదన్నానా?" అంది.

సామాను వెళ్ళేరోజు పొద్దున్నే వ్యాను వచ్చింది. చివరి గడికి అంచు ముందురోజే మూసేసింది పెద్దకోడలు. అన్నీ మూటగట్టి పెట్టుకుంది. కలిపి కుట్టడానికి టైము లేదు, కానీ దానికీ ఒక ఉపాయం ఆలోచించింది. వరసలవారీగా పరిచి, పెద్ద పెద్ద కుట్లతో పైపైన కలిపి, వరస చెదరకుండా మడత పెట్టి ఇచ్చేస్తే, అక్కడ చిన్నకోడలు పగటిపూట తీరిగ్గా గట్టి కుట్లు వేసుకోవచ్చు. పరచడానికే చోటు లేదు. డాబా మీద పరుద్దామంటే పైన ఎవరో బట్టలారేశారు.

ముగ్గురు కూలీలు చిన్న గదిలోంచి మంచం విప్పి పట్టుకెళ్ళారు. బీరువా దించారు. బల్ల దించారు. బొమ్మల పెట్టె వెంట పిల్ల కింద దాకా వెళ్ళి, వ్యానులో దాన్ని ఎక్కడ పెట్టారో చూసుకుని పైకి వచ్చింది.

"అక్కా!" చిన్నకోడలు గదిలోంచి కేకేసింది. "ఇటు రా! నీ బొంతకి చోటు దొరికింది!"

పెద్దకోడలు మూట పట్టుకుని వెళ్ళి గుమ్మంలో ఆగిపోయింది. గది అంత పెద్దదని తెలీదు. మంచం ఉన్న మేర నేల నున్నగా మెరుస్తోంది, నడిచిన మేర అరిగిపోయి ఉంది. కిటికీలోంచి ఎండ గోడ దాకా పడుతోంది. చిన్నకోడలు అప్పటికే చీపురుతో దుమ్ము ఒక మూలకి తోసి మోకాళ్ళ మీద కూర్చుంది.

"తీసుకురా, తీసుకురా. వాళ్ళు వంటసామాను కట్టేసరికి పరిచేద్దాం. మొదట్లో కుట్టినవి ఏవి?"

"గలీబులోవి. ఇవి, నీ కూతురి చిన్నప్పటి గౌను ముక్కలున్నవి."

ఇద్దరూ గోడవార నించి మొదలుపెట్టారు. మూడేళ్ళలో మొదటిసారి పక్కపక్కన కూర్చున్నారు. ఆరు గడులు వరసగా పెట్టారు. గీత గీసినట్టు కుదిరాయి. రెండో వరస దాని కింద పెట్టారు.

"ఇది చూడు, ఎంత వంకరగా కుట్టానో," చిన్నకోడలు నవ్వింది. "ఆ రోజు ఒకాయన అరగంట తిట్టాడక్కా. ప్రతి తిట్టుకీ ఒక కుట్టు."

"ఇది బస్సులోది. డ్రైవరు ఎక్కడెక్కడ బ్రేకు వేశాడో దీన్ని చూసి చెప్పొచ్చు."

మూడో వరసా సరిపోయినట్టే ఉంది. నాలుగో వరస పెట్టాక చివరి గడి పై వరస కన్నా కాస్త బయటికొచ్చింది.

"నీవైపు జరుపు."

"జరిపాను. గోడకి ఆనించేశాను."

ఐదో వరస ఇంకొంచెం బయటికొచ్చింది. ఆరోదీ అంతే. పెద్దకోడలు మాట్లాడడం మానేసింది. చేతులు మాత్రం ఒక్కో గడీ తీసి పెడుతూ పోయాయి. ఎనిమిదో వరస ముగిసేసరికి మొదటి వరస కన్నా జానెడు దాటి గది మధ్యలోకి వచ్చేసింది. మొత్తం చూస్తే చాటలా ఉంది.

ఆవిడ మొదటి గడి తీసుకొచ్చి ఆఖరి గడి మీద పెట్టింది. చుట్టూతా వేలి మందాన కింది గడి కనపడుతోంది.

"అదేంటక్కా?" చిన్నకోడలు వంగి చూసింది. "ఎప్పటికప్పుడు ముందు గడి పెట్టి గీసే కదా కోశాం? ప్రతిదీ ముందుదానికి సరిపోయిందే?"

"సరిపోయింది. గీత గడి లోపల పడదు కదా, బయట పడుతుంది. నూలుపోగంత బయట. దాన్ని పెట్టి ఇంకోటి, దాన్ని పెట్టి మళ్ళీ ఇంకోటి. నువ్వూ అంతే, నేనూ అంతే." పెద్దకోడలు గొంతు మామూలుగానే ఉంది. "మొదటిదాన్ని దాచిపెట్టుకుని, అన్నీ దాంతోనే కోయాల్సింది. లేకపోతే ఎప్పుడైనా ఒకసారి అన్నీ పక్కపక్కన పెట్టి చూడాల్సింది."

"ఎక్కడ పెడతాం? నీ నెత్తి మీదా?" చిన్నకోడలు నవ్వించబోయింది. "కుచ్చులు పెట్టి కలిపేద్దామా? బొంత కాకపోతే గౌను అవుతుంది."

పెద్దకోడలు నవ్వలేదు. ఒక్కో అంచూ విప్పాలి, కోయాలి, లోపలి కుట్లు ఊడిపోకుండా మళ్ళీ కట్టాలి, మళ్ళీ మడవాలి. కుట్టినంత కాలం పడుతుంది. కింద వ్యానువాడు హారను కొట్టాడు.

హాల్లోంచి అత్తగారు, "అయిందా మీ బొంత? నేనింకా ఉన్నానర్రా!" అంది.

పిల్ల పరుగెత్తుకొచ్చి గడుల మీద కుంటాట ఆడింది. ఒక కాలితో ఒక్కో గడి దాటుకుంటూ ఆ గోడ దాకా వెళ్ళి, "నేనే గెలిచాను!" అని అరిచి బయటికి పోయింది. కొన్ని గడులు చెదిరాయి.

"పోనీలే అక్కా," అంది చిన్నకోడలు.

ఆ మాట చాలా త్వరగా వచ్చింది. పెద్దకోడలు తలెత్తి చూసింది. తోడికోడలి మొహంలో విచారమే ఉంది. కానీ భుజాలు దిగాయి, ఎక్కడ్నించో బరువు మోసుకొచ్చి కింద పెట్టినట్టు.

"పోనీ ఏంటి? ఇంతా చేసి పారేస్తామా? నడిమి నాలుగు వరసలూ తీసుకుందాం. వాటిల్లో తేడా తక్కువే, లాగి సర్దితే కుదురుతుంది. పిల్లకి అంతకన్నా ఎందుకు? మీరు వెళ్ళండి. నేను కుట్టి పార్సిల్లో పంపిస్తాను. ఒక వారం, పది రోజులు..."

"వద్దక్కా."

"ఖర్చేముందే, ఆ మాత్రానికి..."

"పంపకక్కా."

పెద్దకోడలు చేతిలోని గడి కింద పెట్టింది. చిన్నకోడలు ఆవిడ వైపు చూడకుండా చెదిరిన గడులు సర్దుతోంది. వాటిని మళ్ళీ వరసలో పెట్టి, అవసరం లేదని గుర్తొచ్చినట్టు ఆగిపోయింది.

"నీకు సెలవున్న రోజుల్లో నేను పొద్దున్నే వచ్చేసరికి అది నీ నైటీ పట్టుకుని పడుకుని ఉండేది. ఎత్తి నా పక్కన వేసుకుంటే లేచి ఏడ్చేది. మళ్ళీ తెచ్చి నీ పక్కలో పడుకోబెట్టి, నేను వెళ్ళి పడుకునేదాన్ని. నీ తప్పేం లేదు. నువ్వు లేకపోతే నేను ఆ ఉద్యోగం చేసేదాన్నే కాదు, అది నాకు తెలుసు. ఈ నీలం ముక్కలు నా చేత్తో నేనే కుట్టాను కదా, సగం గడుల్లో. కుడుతున్నప్పుడల్లా అనుకునేదాన్ని, నా బట్ట ఒక్క ముక్క వేస్తే ఏం పోతుందని. వెయ్యలేదు. నీకు మాటిచ్చాను కదా అని." ఊపిరి తీసుకుంది. "అక్కడ అది ఏడవనీ. ఏడిస్తే నా దగ్గరే ఏడుస్తుంది."

పెద్దకోడలికి చెప్పడానికి చాలా ఉన్నాయి. వాటిల్లో ఒక్కటీ న్యాయంగా కనపడలేదు.

"అడిగుంటే వెయ్యమనేదాన్నే," అంది చివరికి.

"అనేదానివి. అందుకే అడగలేదు."

వ్యానువాడు మళ్ళీ హారను కొట్టాడు. మరిది మెట్లెక్కి వచ్చి, "ఇంకేమైనా ఉందా?" అని గుమ్మంలోంచి తొంగి చూశాడు. నేల మీదవి చూసి, "ఇవి కూడానా?" అన్నాడు.

"కాదు," అంది చిన్నకోడలు, లేచి మోకాళ్ళు దులుపుకుంటూ. "ఇవి అక్కవి."

వెళ్ళే ముందు అత్తగారి కాళ్ళ దగ్గర కూర్చుని కాసేపు ఏడ్చింది. అత్తగారు, "ఏడవకు, నీ గది ఖాళీ అయింది, ఇక నేను కాళ్ళు చాపుకుంటాను," అని తనూ కళ్ళు తుడుచుకుంది. గుమ్మంలో తోడికోడళ్ళిద్దరూ కౌగిలించుకున్నారు. ఆ గుమ్మంలో అంతసేపు ఇద్దరూ ఎప్పుడూ నిలబడలేదు. పెద్దకోడలు చిన్నదాని వీపు నిమిరింది. కోపం రాలేదు. వస్తే బాగుండేదనిపించింది.

పిల్లని కిందికి తీసుకెళ్ళింది పెదనాన్న. పెద్దకోడలు అత్తగారి మాత్ర చేతికిచ్చి, నీళ్ళిచ్చి, మెట్లు దిగి వెళ్ళేసరికి పిల్ల కార్లో వెనక సీట్లో తల్లి ఒళ్ళో ఉంది. పొద్దున్నించీ సామాను వెంట ఎక్కీ దిగీ అలిసిపోయింది. నోరు కాస్త తెరిచి నిద్రపోతోంది. చేతులు రెండూ ఖాళీగా సీటు మీద పడి ఉన్నాయి. వేళ్ళు కదలడం లేదు.

"ఇప్పుడే పడుకుంది," అంది చిన్నకోడలు అద్దం దించి, గొంతు తగ్గించి. "లేపనా అక్కా?"

"వద్దులే. లేపితే పేచీ పెడుతుంది."

"లేచాక ఫోన్ చేయిస్తాను."

"సరే."

కారు వ్యాను వెనకే సందు చివరికి వెళ్ళి తిరిగింది. భర్త జేబులో చేతులు పెట్టుకుని కాసేపు నిలబడి, "రోజూ ఇట్లా అడ్డంగా పెట్టేవాడు స్కూటరు, ఇవాళ పెట్టలేదు చూశావా?" అన్నాడు ఎదురింటాయన గురించి. ఆవిడ చూశానంది.

ఆ రోజుకి ఆవిడ సెలవు పెట్టింది. మధ్యాహ్నమైంది. వంట అయిపోయింది. ముగ్గురికి వండడానికి ఎంత కావాలో చెయ్యికి అలవాటు లేక ఎక్కువే వండింది. భర్త తినేసి పనికి వెళ్ళాడు. అత్తగారు పడుకుంది. పెద్దకోడలు చిన్న గదిలోకి వెళ్ళి నేల మీద కూర్చుంది. గడులన్నీ ఎలా పరిచారో అలాగే ఉన్నాయి. ఎండ గోడ దిగి గడుల మీదికి వచ్చింది. సూది తీసి దారం ఎక్కించింది. నడిమి వరసలోంచి రెండు గడులు తీసి అంచుకి అంచు ఆనించింది. కుదిరాయి. ఎవరూ పిలవడం లేదు. బకెట్టు నిండడం లేదు, వరస కదలడం లేదు, పక్క గదిలో ఎవరూ మేజోడు కోసం వెతకడం లేదు. సాయంత్రం దాకా ఇలాగే కూర్చోవచ్చు, కావాలంటే రేపటి దాకా. ఒక కుట్టు వేసింది. రెండోది ఎవరికోసం వెయ్యాలో తెలీక సూది పట్టుకుని చాలాసేపు అలాగే ఉండిపోయింది. తరవాత సూది దారాల డబ్బాలో పెట్టి మూతేసింది.

అత్తగారు లేచి పిలిచింది. "ఫోనొచ్చిందా?"

"ఇంకా లేదు."

"ఏడుస్తోందేమో పిల్ల."

"ఏడవదులెండి."

"పాలేమైనా ఇస్తావా? ఒళ్ళంతా చల్లగా ఉంది. ఆ గది తలుపు వేసెయ్. ఖాళీ గదిలోంచి గాలి కొడుతోంది."

పెద్దకోడలు పాలు పొయ్యి మీద పెట్టి, తలుపు వెయ్యడానికి వెళ్ళి, గడులు ఎత్తి దొంతరగా పేర్చింది. కింద చిన్నవి, పైన పెద్దవి వచ్చేసరికి దొంతర ఒరిగి పడింది. మళ్ళీ తిప్పి పేర్చి మూలకి జరిపింది. పాలు పొంగుతున్న చప్పుడుకి చేతిలో మిగిలిన గడితోనే వంటింట్లోకి పరుగెత్తింది. పాలు అప్పటికే గిన్నె అంచు దాకా వచ్చాయి. పట్టుకారు చిన్నకోడలి సామానుతో వెళ్ళిపోయినట్టుంది, కనపడలేదు. గడిని రెండు మడతలు పెట్టి గిన్నె పట్టుకుని దించింది. ఒకవైపు పాలు ఒలికి నీలం ముక్క తడిసింది. మూడు పొరల గుడ్డ. చేతికి వేడి తగల్లేదు.

దాన్ని గట్టు పక్కన, అందేచోట పెట్టుకుని, గ్లాసులో పాలు పోసింది.